నల్లా కోసం తీసిన టేపు

అది 1983. వీడియో అనేది బస్తీ జనానికి ఎట్లా పనికొస్తుందో తెలుసుకోవడమే మా పరిశోధన. వాళ్ల కష్టాలు వాళ్ల నోటే చెప్పించి, టేపు మీద ఎక్కించి, సాయంత్రం వాళ్లకే చూపించేవాళ్లం. కెమెరా పని సీమోనుది. ప్రశ్నలు నావి.

ఆ రోజు ధూల్‌పేట్‌లో, గణపతి విగ్రహాలు చేసే కృష్ణమ్మ తన ఇంటి గుమ్మం ముందు కూర్చుని, నల్లా నీళ్లు రావడం లేదని చెప్పింది. పొద్దుగూకాక ఆమె ఇంట్లోనే, ఇంకా రంగు వేయని విగ్రహాల మధ్య టీవీ పెట్టాం. బయట ముసురు. లోపల తడిమట్టి వాసన.

టేపు తిరిగింది. తెర మీద కృష్ణమ్మ మాట్లాడుతోంది. ఆమె వెనక, గుమ్మంలో, చుక్కల లంగా వేసుకున్న పిల్ల నిలబడి ఉంది.

"ఎవరా అమ్మాయి?" అన్నాను.

సీమోను నా చెయ్యి పట్టుకున్నాడు. "తీసేటప్పుడు అక్కడ ఎవ్వరూ లేరన్నా..." అని గుసగుసలాడాడు.

కృష్ణమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. "నా బిడ్డ సారూ... ఆండాలు. పోయిన వానకాలం జరమొచ్చి పానం పోయింది. ఒక్క ఫోటో గూడ లేదు. దాని మొఖం యాడ మర్చిపోతనో అని రోజూ ఇదే ఫికర్. మళ్లొక్కసారి ఎయ్యిండ్రి."

వేశాం. ఈసారి పిల్ల గుమ్మంలో లేదు... కాస్త లోపల ఉంది.

మళ్లీ వేశాం. ఇంకా లోపల. ముఖం చీకట్లో కలిసిపోయింది. తలుపు పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపిస్తోంది... నాలుగు వేళ్లు... 

కృష్ణమ్మ రెండు చేతులూ తెరకు అడ్డం పెట్టింది. "బంద్ చెయ్యిండ్రి! చూసినకొద్దీ పోతున్నది నా బిడ్డ. ఉన్నకాడ ఉండనియ్యిండ్రి."

ఆ టేపు ఆమెకే ఇచ్చేశాం. ఆఫీసులో పాడైపోయిందని చెప్పాం. కృష్ణమ్మ దాన్ని పాత చీరలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుంది. ఇక ఎన్నడూ చూడనని ఒట్టు పెట్టుకుంది.

తర్వాతి వారం అఫ్జల్‌గంజ్‌లో హమాలీలను తీయడానికి కొత్త టేపు విప్పాం. అప్పటిదాకా ఎవరూ తెరవని డబ్బా. సరిగా ఉందో లేదోనని ఒకసారి ఆడించాం. బొమ్మ లేదు. ఇసుక రాలుతున్నట్టు చప్పుడు... దాని వెనక సన్నగా వెక్కిళ్లు...

"అమ్మా... ఎందుకు బంద్ చేసినవ్? ఈడ మస్తు చీకటున్నది."

సీమోను వేలు ఆపే బటన్ మీదే ఉంది. నొక్కమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.