ఏడుపుల పెట్టెలో లేని మాట

అటక మీది నీలం పెట్టె కిందికి దిగింది! దుమ్ము దులిపించుకుని హాల్లో గోడవారగా చేరింది కూడా. అది ఎవరి కోసమో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఆదివారం పొద్దున ఇంటాయన అక్కగారు వస్తారు. ఈ ఇంటి పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకుని తమ ఊరు తీసుకుపోతారు. ఇక అక్కడే తిండి, అక్కడే బడి... చదువు పూర్తయ్యేదాకా అక్కడే!

"అక్క ఒంటరిదైపోయింది. బావ పోయాక అంత ఇంట్లో ఒక్కతే బిక్కుబిక్కుమంటూ ఉంటోంది" అన్నాడాయన, భార్య మొహంకేసి చూడకుండా. "నన్ను ఎత్తుకు పెంచిన మనిషి ఫోనులో ఏడుస్తుంటే ఏం చెయ్యను? మాట ఇచ్చేశాను. అయినా మన పిచ్చుకకి మాత్రం మంచిది కాదా? ఎంతసేపూ ఆ రిబ్బన్లూ, గిరగిరా తిరగడాలూ... అక్క దగ్గరైతే గట్టిపడుతుంది."

ఆమె తల ఊపింది. పదమూడేళ్ల కాపురంలో ఆ తల ఎన్నిసార్లు ఊగిందో! తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల వెళ్లిపోతోందంటే కడుపు భగ్గుమనాలి కదా... భగ్గుమనలేదు. చలికి మొద్దుబారిన వేళ్లతో పాలగిన్నె తోముతున్నట్టుంది లోపలంతా. తోముతోంది కూడా నిజంగానే. తోమిన గిన్నెనే మళ్లీ తోముతోంది.

వంటింటి గుమ్మంలో నిలబడి పిచ్చుక అంతా వింది. ఎగిరెగిరి తిరుగుతుందని చిన్నప్పుడు వాళ్ల నాన్నే పెట్టిన పేరది. ఇప్పుడు మాత్రం కదలకుండా అమ్మ నోటివంకే చూస్తోంది. ఆ నోరు తెరుచుకోలేదు.

విచిత్రమేమిటంటే, ఆ నోటితోనే ఆమె ఇంటింటి పిల్లలకీ ధైర్యం చెబుతుంది! టీవీలో బొమ్మల సీరియల్ ఒకటి వస్తుంది. అందులో ఒక పిరికి పిల్ల జడ అల్లుకుని రిబ్బను ముడి వేసుకోగానే వెలుగులో గిర్రున తిరిగి, మెరిసే గౌనుతో రాక్షసుల మీదికి దూకుతుంది. మూడేళ్లుగా ఆ రిబ్బను పిల్లకి గొంతు ఈవిడదే. డబ్బింగ్ స్టూడియోలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా ఈమె మాట్లాడాలి.

మొదట్లో ఆమెకు ఆ పిల్లంటే నవ్వొచ్చేది. ఎదురుగా కొండంత రాక్షసుడు నోరు తెరుచుకుని నిలబడితే, తీరిగ్గా జడ అల్లుకునే పిల్లని లోకంలో ఎక్కడైనా చూశామా! ఆ మాటే ఒకసారి పిచ్చుకతో అంది.

"నీకేం తెలీదమ్మా" అంది పిచ్చుక జాలిగా. "జడ వేసుకుంటుంటే చేతులు వణకడం ఆగుతుంది. అందుకే వేసుకుంటుంది."

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరి భాగానికి డబ్బింగ్. రాక్షసుడు రిబ్బను కాల్చేశాడు. వెలుగూ లేదు, గౌనూ లేదు. ఇంట్లో కట్టుకునే నలిగిన బట్టల్లో, విడిపోయిన జడతో ఆ పిల్ల గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనకాల చిన్న చెల్లెలు. అనాల్సింది ఒక్కటే మాట... "వద్దు."

"అరవండమ్మా! లోకమంతా దద్దరిల్లాలి!" అంది డైరెక్టరమ్మ గాజు అద్దం అవతలినుంచి.

ఆమె అరిచింది. కుదర్లేదు. మళ్లీ అరిచింది. పన్నెండు టేకులయ్యాయి. గొంతు బొంగురుపోయింది గానీ మాట మాత్రం తెర మీది బొమ్మ పెదవుల మీద కూర్చోలేదు.

"పోనీ, పాతదేదైనా అతికించండి" అంది డైరెక్టరమ్మ విసుగ్గా.

సౌండ్ ఇంజనీరు దగ్గర ఆ సదుపాయం ఉంది. రిబ్బను పిల్ల ఏడ్చిన ఏడుపులన్నీ కంప్యూటర్లో దాచిపెట్టాడు. దానికి ఏడుపుల పెట్టె అని పేరు కూడా పెట్టాడు. చిన్న వెక్కిళ్లు, పెద్ద వెక్కిళ్లు, ముక్కు ఎగబీల్చడాలు, అమ్మో అనడాలు, తప్పయిపోయింది అనడాలు... ఎప్పుడు ఏది కావాలంటే అది తీసి అతికిస్తాడు. ఆమె కొత్తగా ఏడవనక్కర్లేదు. పెట్టె పుణ్యమా అని ఆమె నిజంగా ఏడ్చి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఇంజనీరు చాలాసేపు వెతికాడు. కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"లేదమ్మా. అరవై రకాల ఏడుపులున్నాయి. తప్పయిపోయింది అని ఇరవైసార్లుంది. వద్దు అన్నది మాత్రం ఒక్కసారి కూడా లేదు."

ఇంజనీరు మామూలుగానే అన్నాడు పాపం! ఆమె మాత్రం హెడ్‌ఫోన్లు సర్దుకోబోయి ఆగిపోయింది. ఆ పెట్టె తనదే కదా... మూడేళ్లది కాదు, పదమూడేళ్లది. సరేనండీ, అలాగే వదినా, మీ ఇష్టం... ఎంత వెతికినా ఇంకొకటి దొరకదు!

తెర మీద బొమ్మ ఆగి ఉంది. ఈసారి ఆమె బాగా చూసింది. ఆ పిల్ల అసలు అరవడం లేదు. పెదవులు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. భయం పోయిన మొహం కూడా కాదది. భయపడీ భయపడీ అలిసిపోయిన మొహం. అచ్చం గుమ్మంలో నిలబడ్డ పిచ్చుక మొహం.

"ఇంకొక్కసారి వెయ్యండి" అంది. బొమ్మ కదిలింది. ఎదురుగా ఉన్న మనిషితో మామూలుగా చెప్పినట్టు, మెల్లగా అంది... "వద్దు."

మాట పెదవుల మీద పొందికగా కూర్చుంది. డైరెక్టరమ్మ కాగితంలో టిక్కు పెట్టుకుంది. ఇంజనీరు మాత్రం "ఇది దాచిపెడతానమ్మా" అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. వదినగారు సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఆయన పెట్టె తాళం సరిచూస్తున్నాడు. ఆమె నేలమీద చతికిలబడి, పిచ్చుకను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. మూడు పాయలు తీసింది. చేతులు వణికాయి. ఒక అల్లిక... రెండు... నాలుగు... వణుకు ఆగింది.

"బస్సుకి టైమవుతోంది, కానీండి" అన్నాడాయన.

"వద్దు" అందామె.

"ఏం వద్దు? పెట్టె పెద్దదైందా?"

"పిల్లని పంపొద్దు. నేను పంపను."

ఆయన తాళం మీదనుంచి తల ఎత్తాడు! "మాట ఇచ్చేశాను కదే..."

"నన్ను అడక్కుండా ఇచ్చారు."

వదినగారు కప్పు కింద పెట్టారు. మొహం పాలిపోయింది. "నీకు ఇష్టమేనన్నాడమ్మా వీడు..."

"నేను తల ఊపాను వదినా. తప్పు నాదీ ఉంది. కానీ ఇష్టం కాదు... ఎప్పుడూ కాదు! ఇల్లు బోసిగా ఉంటే మీరు రండి. నెల కాదు, ఏడాది ఉండండి. మంచం వేస్తాను, కూచోబెట్టి వండిపెడతాను. నా పిల్లని మాత్రం అడక్కండి."

వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. ఆయన అక్క వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. చివరికి పెట్టె మీదనుంచి చెయ్యి తీసేశాడు.

వదినగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆవిడకీ లోకంలో ఉన్నది ఈ ఒక్క ఇల్లే కదా! లేచి, దగ్గరికొచ్చి, పిచ్చుక నెత్తిమీద చెయ్యి వేశారు.

"జడ సగంలో వదిలేశావేమిటమ్మా? ముందది పూర్తిచెయ్యి" అన్నారు. "నేను సాయంత్రం బస్సుకి పోతాలే."

ఆమె మిగతా జడ అల్లింది. గెలిచినట్టేమీ లేదు. లోపల ఆ మొద్దుతనం ఇంకా అలాగే ఉంది... కాకపోతే దాని అంచున ఎక్కడో కాస్త నొప్పి మొదలైంది. రిబ్బను చుట్టి ముడి వేస్తుంటే చేతిమీద వెచ్చగా ఏదో పడింది. అది ఏ పెట్టెలోదీ కాదు. ఆమె తుడుచుకోలేదు, ముడి గట్టిగా బిగించింది.

"అబ్బా... నొప్పమ్మా!" అంది పిచ్చుక. అంటూనే తల ఇంకాస్త వెనక్కి, అమ్మ చేతుల్లోకి వాల్చింది.