ముసలామె డోర్‌కు తగిలించిన అట్ట

సంయూ, మేల్కొనే ఉన్నవా. కాల్ చేయకు, ఈ మెసేజ్ చదివితే చాలు. మధ్యల నవ్వితే బ్లాక్ చేస్త.

హాంబర్గ్‌ల మా బిల్డింగ్‌కు ఒక అట్ట ఉంటది. వారానికి ఒక ఇంటి డోర్ హ్యాండిల్‌కు వేలాడుతది. ఎవరి డోర్‌కు ఉంటే వాళ్ళు పొద్దున ఏడింటి లోపు బయట దారి మీద మంచు ఊడ్చి, జారకుండ సన్న కంకర చల్లాలె. ఈ వారం మాది, అట్ట నిన్న రాత్రే వచ్చింది, అమ్మ చూడలే. నాన్న ఆఫీస్ పని మీద ఇంగోల్‌స్టాట్ పోయి ఇరుక్కున్నడు, రైళ్ళు బంద్. అమ్మకు నడుం నొప్పి. అంటే నేనే.

నిన్న రాత్రి ముందు వాన పడ్డది. నేల అప్పటికే గడ్డకట్టి ఉండె, పడ్డ చుక్క పడ్డట్టే అద్దం అయింది. తర్వాత ఉత్తరం నుంచి గాలి, దాని మీద మోకాలు లోతు మంచు. పైకి మెత్తగ, కింద గాజు.

ఇయ్యాల పొద్దున ఆరున్నరకు డోర్ తీసిన. మస్తు చలి. అట్ట తీసి ఎదురింటి ఫ్రావ్ ల్యూడర్స్ డోర్‌కు తగిలించి వచ్చి పడుకున్న. ఎనభై రెండేళ్ళ ముసలామె, ఒక్కతే ఉంటది. ఆమె దగ్గర ఉడకబెట్టిన క్యాబేజీ, తడిసిన ఉన్ని కంపు. లిఫ్ట్‌ల ఆమె ఉంటే నేను మెట్లెక్కేదాన్ని. వంతు ఎవరిదని అడగదు, అట్ట కనిపిస్తే పార పట్టుకుని పోతది.

పోయింది. దుప్పట్ల పడుకుని విన్న. చర్… చర్… చర్… తర్వాత దబ్ మని ఒకటి.

నేను అటు తిరిగి పడుకున్న.

తొమ్మిదింటికి అంబులెన్స్ వచ్చింది. ఊరంత జారి పడ్డోళ్ళే, అందుకే లేటట. అప్పటికే పోయిందామె. తల పగిలి, రక్తం గడ్డకట్టి జుట్టు నేలకు అతుక్కపోతే, కత్తెరతో కత్తిరించి లేపిండ్రు. ఆ తెల్ల కుచ్చు ఇంకా అక్కడ్నే ఉంది. కిటికీల నుంచి చూసి కక్కుకున్న.

మధ్యాహ్నం మంచు బరువుకు తీగలు తెగి కరెంట్ పోయింది. హీటర్లు చల్లబడ్డయి. నాలుగున్నరకే చీకటి. కొవ్వొత్తి పెట్టుకుని పెరుగన్నం తింటున్నం.

అమ్మ మెల్లగ అడిగింది. "అక్షూ, ఈ వారం అట్ట మనకు రాలేదు కదనే?"

"లేదమ్మా. ఆమెదే."

కరక్.

పళ్ళ కింద రాయి. ఉమ్మిన. అరచేతిల బూడిద రంగు కంకర, దానికి చుట్టుకుని తెల్ల వెంట్రుక.

"బియ్యం సరిగ ఏరలేదేమో" అన్నది అమ్మ.

నాలుక మీద క్యాబేజీ వాసన. వెంట్రుక ఇంకో కొస గొంతులనే ఉంది… లాగిన… వస్తనే ఉంది… జానెడు… మూరెడు… చివర్ల మెత్తగ తోలు ముక్క. ఛీ.

అప్పుడే తలుపు కొట్టిండ్రు. బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్, చేతిల టార్చ్. వంతు ఎవరిదో రాసుకుంటున్నడట. నేను నోరు తెరవలే. తెరిస్తే ఏమొస్తదో భయం. అమ్మనే వచ్చీ రాని జర్మన్‌ల చెప్పింది. "మాది కాదు. ఫ్రావ్ ల్యూడర్స్‌దే."

నన్ను నమ్మి చెప్పింది. ఆపొచ్చుండె నేను. ఆపలే.

ఆయన పోయినంక మెట్ల మీద మొదలైంది. చర్… చర్… ఒక్కో మెట్టు. మా డోర్ కాడికి వచ్చి ఆగింది. కన్నంల నుంచి చూసిన. ఎవ్వరు లేరు. కంపు మాత్రం లోపలికి వచ్చేసింది.

నిజం నీకే చెప్తున్న ఫస్ట్. చెప్తే ఆగుతదేమో అని. నా నోట్లనైతే ఇప్పుడు ఏం లేదు.

అమ్మ అర్ధగంట నుంచి బాత్రూంల ఉంది. దగ్గుతాంది. సింక్‌ల ఏందో ఒక్కొక్కటే రాలుతున్న చప్పుడు… టక్… టక్…

అది అబద్ధమని అమ్మకేం తెలుసే. ఆమెకెందుకు.

బాత్రూం హ్యాండిల్‌కు అట్ట వేలాడుతాంది సంయూ. తడిగ. నేను పెట్టలే.

ఇప్పుడే పిలిచింది లోపల నుంచి, చిన్నగ…

"అక్షూ. కత్తెర తే బిడ్డా."