అందరూ టీవీ చూశారు, ఒక్కడు తప్ప

హలో... హలో, వినపడుతోందా? ఆ, నేనే, ఆస్ట్రేలియాలో వులంగాంగ్ నుంచి పైడిరాజుని. కంగారు పడకండి, బస్సు పక్కన పెట్టే మాట్లాడుతున్నా, టీ బ్రేకులో ఉన్నా. మీ స్టవ్ మీద పాలుంటే ముందు దింపేసి రండి. ఈ కథ మొదలుపెడితే మధ్యలో లేవలేరు. ప్రేమ కథే గానీ, నాకైతే చెప్తున్నప్పుడు ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి.

మా బస్సు డిపోలో నన్ను ప్యాడీ అంటారు. పైడి అనడానికి వాళ్ళకి నోరు తిరగదు, నేనూ అలవాటు పడిపోయా. కథ నాది కాదు, గొరాన్‌ది.

గొరాన్ మాసిడోనియా వాళ్ళ కుర్రాడు. వాళ్ళ తాత, నాన్న పోర్ట్ కెంబ్లా స్టీల్ ఫ్యాక్టరీలో చేసినవాళ్ళు. వీడు ఆరడుగుల పైన ఉంటాడు, గొంతు మాత్రం పిల్లి కూన గొంతు. కొత్తగా బస్సెక్కిన రోజుల్లో డాప్టో అనే ఊరు దాటాక ఎక్కడో తప్పు మలుపు తిరిగాడు. రేడియోలో కంట్రోల్ రూంని పిలిచాడు. అక్కడ కూర్చునే అమ్మాయి బ్రాన్విన్. మేమందరం బ్రాన్ అంటాం. రేడియో ఒకటే కదా, వాళ్ళ మాటలు బస్సులన్నీ విన్నాయి.

"కంట్రోల్, నేను దారి తప్పాననుకుంటా."

"అనుకుంటున్నావా, తప్పావా?"

"తప్పాను."

"ఎదురుగా ఏం కనపడుతోంది?"

"ఆవు."

"ఇంకా?"

"ఇంకో ఆవు."

తర్వాత అడిగింది, "ప్యాసింజర్లు ఏమంటున్నారు?"

"ఫొటోలు తీసుకుంటున్నారు."

"సరే. ఆవులకి టాటా చెప్పి, మెల్లగా వెనక్కి రా. నేను లైన్లోనే ఉంటా, భయపడకు."

భయపడకు అంది చూడండి, అక్కడే మనవాడు పడిపోయాడు. ఇక రోజూ ఏదో ఒక సాకు. "కంట్రోల్, ఇక్కడ వాన మొదలైంది" అనేవాడు. "ఇక్కడా మొదలైంది గొరాన్, ఊరంతటికీ ఒకటే ఆకాశం" అనేది ఆ పిల్ల. మిగతా డ్రైవర్లకి అదేం పట్టలేదు. నాకు పట్టింది. ఇద్దరు ఆడపిల్లలకి తండ్రిని కదా, మగపిల్లల చూపులు తొందరగా తెలిసిపోతాయి.

"చెప్పేయరా" అన్నా ఒకరోజు.

"చెప్పను ప్యాడీ. చెప్తే వెళ్ళిపోతుంది."

ఎందుకలా అన్నాడంటే, బ్రాన్ ఇంతకుముందు న్యూకాజిల్ అనే ఊళ్ళో పనిచేసేది. అక్కడి డిపోలో ఒకడు ఈ పిల్లని ఇష్టపడ్డాడు. అంతే, అక్కడి డ్రైవర్లు రేడియోలో ఈలలు, పాటలు, ఒకటే ఏడిపించడం. భరించలేక ఒక రాత్రి బ్యాగు సర్దుకుని ఊరే వదిలేసి వచ్చింది. టీ తాగుతూ తనే మాకు చెప్పింది. "ఇక్కడా అలాగే అయితే ఇదీ వదిలేస్తా" అని కూడా అంది. గొరాన్ ఆ మాట గుండెల్లో రాసుకున్నాడు.

"చెప్పకపోతే రోజూ గొంతైనా వినొచ్చు కదా ప్యాడీ" అన్నాడు. ఏం చెప్పమంటారు అలాంటోడికి?

ఇప్పుడు టీవీ సంగతికొస్తా. 'డిపో తొమ్మిది' అని ఒక కామెడీ సీరియల్. బస్సు డిపోలో జరుగుతుంది. అందులో మెర్వ్ అనే డ్రైవర్, లోర్నా అనే ఆవిడ. మొదటి సీజన్ నుంచీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ప్రాణం, ఇద్దరూ నోరు విప్పరు. గురువారం సాయంత్రం అయితే మా వాళ్ళందరం డిపోలో భోజనాల గది, అదే మీల్ రూంలో, చేరిపోతాం. డెస్ అని మా పెద్ద డ్రైవరు ఫోన్ తీసి టమాటా సాస్ సీసాకి ఆనించి పెడతాడు. టీవీ వైపు కాదండీ, మా మొహాల వైపు. నిజం బస్సు డ్రైవర్లు ఆ సీరియల్ చూస్తూ ఎలా అరుస్తారో, దాన్ని లైవ్‌లో దేశమంతా చూస్తుంది. మేం చూస్తుంటే చూడ్డానికి జనం! లోకం అలా ఉంది.

ఆ గురువారం సీజన్ ఆఖరి ఎపిసోడ్. లోర్నా ఊరు వదిలి వెళ్ళిపోతోంది. మెర్వ్ పరిగెత్తుకొచ్చాడు, బస్సు తలుపు దగ్గర నిలబడ్డాడు, నోరు తెరిచాడు. తలుపు బుస్సుమని మూసుకుంది. తెర నల్లబడింది. అయిపోయింది!

చూడాలి మా వాళ్ళ గోల. డెస్ తింటున్న సాసేజ్ రోల్‌ని టీవీకేసి కొట్టాడు. ఇంకొకడు కుర్చీ ఎక్కి తిట్టాడు. "ఓరి సన్నాసీ, చెప్పి చావలేకపోయావురా!" అని నేను తెలుగులోనే అరిచేశా. బ్రాన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. లైవ్ అయిపోయింది, ఎవరిళ్ళకి వాళ్ళం పోయాం.

తెల్లారేసరికి డెస్ ఫోను.

"ప్యాడీ, ఒక ఘోరం జరిగింది. కామెంట్లు చూశావా?"

చూశా. చూసి మంచం మీదే కూలబడ్డా. మెర్వ్ గురించి ఒక్కడూ మాట్లాడట్లేదు. అందరూ ఒకటే మాట. "ఆ నీలం స్వెట్టర్ అబ్బాయి టీవీ చూడట్లేదు, చూశారా?" "అందరూ టీవీ చూస్తుంటే వాడు ఆ పిల్లని చూస్తున్నాడు." "మెర్వ్, లోర్నా పోతే పోయారు, వీళ్ళిద్దరికీ పెళ్ళి చేయండి!" నీలం స్వెట్టర్ వేసుకుంది మన గొరానే. ఆ ముక్కొక్కటే కత్తిరించి, నెమ్మదిగా నడిపించి, వెనక పాట పెట్టి, ఊరూరా తిప్పేస్తున్నారు.

"తీసెయ్ డెస్, తీసెయ్!"

"తీసేశా. ఏం లాభం, అప్పటికే జనం చేతుల్లోకి పోయింది."

న్యూకాజిల్‌లో డిపో ఒక్కటే ఏడిపించింది. ఇక్కడ దేశం దేశమంతా ఏడిపిస్తోంది.

ఆ రోజు పొద్దున రేడియో పెట్టగానే, "కంట్రోల్ నుంచి అందరికీ గుడ్ మార్నింగ్" అని ఒక మగ గొంతు వచ్చింది. బొంగురు గొంతు. బ్రాన్ కాదు. డెస్‌ని అడిగితే, "సెలవు పెట్టిందట. ఎందుకో చెప్పలేదట" అన్నాడు తల దించుకుని.

నా తర్వాతి డ్యూటీ బస్సు థిరూల్ అనే ఊళ్ళో అందుకోవాలి. అందుకని స్టేషన్ దగ్గర గొరాన్ బస్సే ఎక్కా. జోరు వాన. తల మీద సంచీ పెట్టుకుని పరిగెత్తి ఎక్కా, బోర్డూ గీర్డూ చూళ్ళేదు. వాడి మొహం చూస్తే పిండిలా ఉంది.

"ప్యాడీ, తను రాలేదు."

"జ్వరమేమోలేరా."

"జ్వరం కాదు. సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది. నా వల్లే. నేను ఏడాదిగా నోరు నొక్కుకుని కూర్చున్నదంతా నా మొహమే చెడగొట్టింది."

నేను వెనక సీటుకి పోయి కూర్చున్నా. స్టాపుల్లో జనం ఉన్నారు గానీ ఒక్కరూ చెయ్యెత్తట్లేదు. మా బస్సుని చూడ్డం, మొహం తిప్పుకోవడం. ఆ వీడియో వీళ్ళూ చూశారేమో, వీణ్ణి గుర్తుపట్టి వెలేశారేమో అనుకున్నా. భయం పడితే బుర్ర అలాగే పనిచేస్తుంది మరి.

కొర్రిమల్ స్టాపు వచ్చాం. గొడుగు లేకుండా, రోడ్డు అంచున, రెండు చేతులూ ఊపుతూ ఒక మనిషి నిలబడింది. చేతి పక్కన పెద్ద బ్యాగు.

బ్రాన్.

బ్రేకు పడింది. తలుపు తెరుచుకుంది. బ్రాన్ పైకెక్కింది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. టికెట్ కార్డు మిషన్‌కి ఆనించింది. గొరాన్‌కేసి చూసింది. వాడు ఊపిరి బిగబట్టాడు, వెనక నేనూ బిగబట్టా.

"బోర్డు మార్చలేదు నువ్వు" అంది.

"ఏంటి?"

"ముందర బోర్డు. 'సర్వీసులో లేదు' అని ఉంది. పొద్దున్నుంచీ అలాగే తిరుగుతున్నావా?"

అదన్నమాట! డిపోలోంచి తీసేటప్పుడు మార్చాల్సింది, భయంలో మర్చిపోయాడు. వాడి చెయ్యి గబగబా బటన్ మీదకి పోయింది.

"మార్చకు" అంది. "వెనకాలే డెస్ బండి వస్తోంది, జనం అందులో ఎక్కుతారు. ఇలాగే పోనీ."

వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. బస్సు నడుస్తుంటే డ్రైవర్‌తో మాట్లాడకూడదని మా అందరికీ చెప్పేది తనే కదా. అందుకని వాడూ అడగలేడు, తనూ చెప్పదు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. అద్దంలో వాడి కళ్ళు ఆ బ్యాగు మీదకి పోవడం, రోడ్డు మీదకి రావడం. థిరూల్ ఎంత దూరమండీ? ఆ రోజు మాత్రం వైజాగు నుంచి విజయవాడ పోయినట్టుంది నాకు.

థిరూల్లో బస్సు ఆగింది. నేను దిగి పోదామనే అనుకున్నా. బయట కుంభవృష్టి, ఎక్కడికి పోను? సీట్లో కిందికి జారి కూర్చున్నా.

"ఆ బ్యాగులో ఏముంది?" అన్నాడు గొరాన్.

"బట్టలు. ముందు నేనడిగిందానికి చెప్పు. నిన్న అందరూ మెర్వ్‌ని తిట్టారు. నువ్వెందుకు తిట్టలేదు?"

"నేను చూళ్ళేదు."

"ఏం చూళ్ళేదు?"

"మెర్వ్‌ని."

"మరేం చూశావ్?"

వాడు అద్దంలోంచి కళ్ళు తీసి ఆమెకేసి తిరిగాడు.

"నిన్ను" అన్నాడు. "నిన్న ఒక్కరోజే కాదు, సీజన్ అంతా. అసలా కథేంటో నాకు సరిగ్గా తెలీదు. ఆ లోర్నా మెకానిక్కో, ఎవరో..."

"లోర్నా మేనేజరు, గాడిదా."

నాకు నవ్వొచ్చింది గానీ నోరు మూసుకున్నా. తను నవ్వలేదు మరి.

"రాత్రి ఆ వీడియో చూసి ఫోను విసిరేశా" అంది. "న్యూకాజిల్‌లో వాడు ఇష్టపడ్డాడని కాదు నేను వెళ్ళిపోయింది. ముందు డిపో అంతటికీ చెప్పి, చివర్లో నాకు చెప్పాడు. నేను కాదంటే అందరి ముందూ చెడ్డదాన్ని. నువ్వూ అలాంటోడివే అనుకున్నా. బ్యాగు సర్దేశా. పొద్దున రైలు కోసం బయల్దేరా."

గొరాన్ సీటు కమ్మీ పట్టుకున్నాడు.

"ఇందాక నువ్వు ఊళ్ళోకి పోతుంటే చూశా. 'సర్వీసులో లేదు' అని బోర్డు పెట్టుకుని, ఖాళీ బస్సుతో, ప్రతి స్టాపులోనూ బుద్ధిగా ఆగి మరీ పోతున్నావ్. ఎవరూ ఎక్కట్లేదని కూడా నీకు తెలీట్లేదు. ఇంత భయపడినోడు ఊరంతా చాటింపు వేసుకునే రకం కాదు అనిపించింది. తిరిగి ఇటే వస్తావని రోడ్డు దాటి ఇటు వచ్చి నిలబడ్డా." ఒళ్ళో బ్యాగు కేసి చూసింది. "రైలు వెళ్ళిపోయింది."

"ఇంకో రైలు ఉంటుంది" అన్నాడు ఆ మొద్దు వెధవ.

"ఉంటుంది. అందుకే అడుగుతున్నా. వీడియోలో ఊరందరికీ తెలిసిపోయింది. నాకు మాత్రం నువ్వింకా చెప్పలేదు గొరాన్."

వాడు సీట్లోంచి లేచాడు. అంత పొడుగు మనిషి, తల వంచుకుని నిలబడ్డాడు.

"నువ్వంటే నాకు ఇష్టం బ్రాన్. నువ్వు వద్దంటే మళ్ళీ ఎత్తను. వేరే డిపోకి నేను పోతా. నువ్వు మాత్రం వెళ్ళకు. నీకు ఈ ఊరు నచ్చిందని నాకు తెలుసు."

ఇంతకాలం వెళ్ళిపోయింది ఆ పిల్లే. నేను పోతా, నువ్వుండు అన్న మనిషి ఆమెకి అప్పటిదాకా దొరకలేదు. మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో వెనక నుంచి నాకు తెలీలేదు.

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు" అంది చివరికి. "నాకూ ఇష్టమే. ఎప్పట్నుంచో."

చెప్పేసి, తనే ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"ప్యాడీ! నువ్వున్నావా? అంతా విన్నావా?"

"నాకు ఇంగ్లీషు రాదమ్మా" అన్నా.

"ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నావ్ నువ్వు!"

"నెమ్మదిగా నేర్చుకుంటున్నా తల్లీ."

అప్పుడు నవ్వింది. వాడూ నవ్వాడు. నాకు కళ్ళు మండాయి, వాన చినుకు పడిందన్నా. బస్సు లోపల వానేంటని వాళ్ళు అడగలేదు.

"రేపు మీల్ రూంకి ఎలా పోతాం?" అన్నాడు గొరాన్. "అందరూ చూస్తారు."

"చూడనీ. నువ్వు నా పక్కన కూర్చో." తన చెయ్యి చాపింది. "భయం తగ్గిందా?"

"లేదు. ఇంకా పెరిగింది."

"నాకూ అంతే" అంది, వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, టీ చల్లారిపోయింది, నేను బస్సు తీయాలి. ఒక్క మాట. మీకు తెలిసినవాళ్ళలో నాలుక చివరిదాకా తెచ్చుకుని రోజూ మింగేసేవాళ్ళు ఉంటారు. పేరు చెప్పి ఏడిపించొద్దు, గ్రూపులో పెట్టొద్దు. ఈ కథ వాళ్ళ ఒక్కళ్ళకే, విడిగా, చప్పుడు చేయకుండా పంపించండి. ఉంటా మరి.