రైల్లో వచ్చిన అక్క

పొద్దున్న ఏడు కాకముందే బసవేశ్వరరావు ఇంట్లో మళ్ళీ అదే రభస మొదలైంది. రేపల్లెకి రైల్లో వెళ్ళడమా, కార్లో వెళ్ళడమా? మూడు రోజులుగా తెనాలిలో ఆ ఇంట్లో ఇంకో మాట లేదు.

కూతురు చంద్రకళను మొదటిసారి కాపురానికి పంపుతున్నారు. పెళ్ళయి రెండు నెలలైంది. రేపల్లె వియ్యంకుడు ప్రకాశరావుకి పాతికెకరాల మాగాణి, ఒక రైసుమిల్లు ఉన్నాయి. బసవేశ్వరరావు బాపట్ల తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఏళ్ళ తరబడి సీజన్ టిక్కెట్టు మీద రోజూ రైల్లో వెళ్ళొచ్చే మనిషికి ఇవాళ రైలెక్కడం నామోషీ అయిపోయింది, చూడండి!

"రైలైతే ఏంటిరా తప్పు?" అంది అక్క రంగమ్మ, సారె లడ్డూలు బుట్టలో సర్దుతూ. "అందరం ఒక్కచోట కూచుంటాం. నువ్వు వాళ్ళకి కార్డు కూడా రైల్లో వస్తున్నామనే రాశావు కదా."

"కార్డుదేముందక్కా? కార్లో దిగితే వద్దంటారా? కొత్త వియ్యాలవారింటికి చెమటలు కక్కుకుంటూ రైలు దిగితే ఏం బావుంటుంది? అద్దె కారు మాట్లాడేశాను, అయిపోయింది."

"సరే, కారే కానియ్. నేను ఇంతవరకూ ఎక్కనే లేదు. ముందు సీట్లో కూచోనిస్తారేంటి?" అని నవ్వింది రంగమ్మ.

బసవేశ్వరరావు గబగబా చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

"కార్లో చోటు చాలదక్కా. పెట్టెలున్నాయి, పరుపులున్నాయి. సారె బుట్టలు ఎలాగూ రైల్లోనే రావాలి. దగ్గర ఒక మనిషుండాలి కదా. నువ్వు వాటితో వచ్చెయ్యి." జేబులోంచి టిక్కెట్టు డబ్బులు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"అత్త కార్లో రాకపోతే నేనూ రాను" అంది చంద్రకళ గదిలోంచి.

"నోర్ముయ్యవే! కాపురానికి వెళ్ళే పిల్లవి, ఏం మాటలవి? నాకు రైలే హాయి" అని కసిరింది రంగమ్మ. డబ్బులు కొంగున ముడేసుకుని మళ్ళీ లడ్డూలు సర్దింది.

పక్కగదిలో కనకదుర్గ మొగుణ్ణి నిలేసింది. "అక్కడ పిల్ల అత్తా అని పిలుస్తుంది. అప్పుడేం చెప్తారు?"

"ఏదో ఒకటి చెప్తాలే."

"ఏదో ఒకటి చెప్పే కదా ఇంతదాకా తెచ్చారు!"

ఆ 'ఏదో ఒకటి' ఏంటో చెప్పాలంటే పెళ్ళినాటికి వెళ్ళాలి. రంగమ్మకి పందొమ్మిదో ఏట మొగుడు పోయాడు. పుట్టింటికి వచ్చిన రెండేళ్ళకే అమ్మానాన్నా కూడా పోయారు. తొమ్మిదేళ్ళ తమ్ముణ్ణి చూసుకుని, వీధరుగు మీద పొయ్యి పెట్టి ఇడ్లీలమ్మింది. ఆ ఇడ్లీలతోనే వాణ్ణి ఎస్సెల్సీ దాకా చదివించి, ఉద్యోగంలో చేరేదాకా సాకింది. తీరా మేనకోడలి పెళ్ళికి, శుభమా అని పెళ్ళి జరుగుతుంటే తనెందుకని పందిట్లోకే రాలేదు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర వంటలు చూసుకుంటూ ఉండిపోయింది. వియ్యపురాలు వెంకటరత్నమ్మ అటుగా వెళ్తూ, "ఆవిడ మీ వంటావిడాండి?" అని బసవేశ్వరరావుని అడిగింది.

కాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ కాదంటే మరెవరంటారు, అక్క అంటే ఎందుకలా మసిబట్టి ఉందంటారు, కూపీ లాగితే ఇడ్లీల సంగతి బయటికొస్తుంది. ఇవన్నీ ఆయనగారి బుర్రలో తిరిగాయి. "అవునండి" అనేశాడు. పక్కనే ఉన్న కనకదుర్గ కూడా తల దించుకుంది గానీ నోరు విప్పలేదు.

ఇక ఇవాళ బయల్దేరిన కారుకి చెరుకుపల్లి దాటగానే టైరు పేలింది. మారుద్దామని చూస్తే స్పేరు టైరులో గాలి లేదు. డ్రైవరు దాన్ని దారిన పోయేవాడి సైకిలు మీద పెట్టించుకుని వెనక్కి పోయి వచ్చేసరికి గంటన్నర పట్టింది. బసవేశ్వరరావు ఇస్త్రీ పంచె మోకాళ్ళదాకా దుమ్ము కొట్టుకుపోయింది. చంద్రకళ దారంతా తండ్రితో మాట్లాడలేదు.

రేపల్లెలో ప్రకాశరావు గుమ్మంలోనే ఎదురయ్యాడు. వసారా నిండా చుట్టాలున్నారు.

"ఏంటి బావగారూ, కారా! మీ కార్డు చూసుకుని మేం మూడు జట్కాలు కట్టించుకుని స్టేషన్‌కి పోయాం. పదిమందిమి నిలబడి చూస్తే రైల్లోంచి మీ వంటావిడ ఒక్కతే దిగింది!" అని పెద్దగా నవ్వాడు. చుట్టాలూ నవ్వారు.

కారు సంగతి ఇంకో కార్డు రాయకపోవడం ఎంత తప్పో బసవేశ్వరరావుకి అప్పుడు తెలిసింది. కారు చప్పుడు చేసుకుంటూ దిగి అందరినీ ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు మరి! చంద్రకళకు గుమ్మంలో దిష్టి తీసి నేరుగా దేవుడి గదిలోకి తీసుకెళ్ళారు. కాళ్ళు కడుక్కునే వంకతో ఆయన పెరట్లోకి నడిచాడు.

వంటింటి వెనక వసారాలో పెద్ద మూకుడు ముందు కూచుని రంగమ్మ బూరెలు వేస్తోంది. మొహమంతా సెగకి ఎర్రబడింది. పక్కన గచ్చు మీద సత్తు గ్లాసులో సగం తాగిన కాఫీ ఉంది. తమ్ముణ్ణి చూసి కూడా చూడనట్టే చిల్లుల గరిటెతో బూరెలు తిప్పింది.

వెంకటరత్నమ్మ సంబరంగా ఎదురొచ్చింది. "రండి అన్నయ్యగారూ! మీ వంటావిడ చేతి చలవ ఏం చెప్పను! వచ్చీరాగానే పొయ్యి దగ్గర కూచోబెట్టాను. ఒక్క బూరె చిట్లలేదు. ఈవిణ్ణి మాకిచ్చెయ్యకూడదూ? నెలకెంతిస్తున్నారేంటి?"

బసవేశ్వరరావు వంగి పంచె దుమ్ము దులుపుకోవడం మొదలెట్టాడు.

"జీతమేం లేదమ్మా" అంది రంగమ్మ, తలెత్తకుండా. "తిండి పెడతారు."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. వంటావిడ చెప్పవలసినట్టే చెప్పింది. అంటే ఆవిడకి తెలిసిపోయింది. తెలిసి కూడా తమ్ముడి అబద్ధాన్ని కాపాడుతోంది. బసవేశ్వరరావు చిన్నప్పుడు దొంగతనం చేసి దొరికిపోయినా ఇంత సిగ్గుపడి ఉండడు.

"వంటావిడ కాదండి" అన్నాడు.

"ఏంటీ?"

"ఆవిడ నా తోడబుట్టిన అక్క. మా అమ్మాయికి మేనత్త. వీధిలో ఇడ్లీలమ్మి నన్ను చదివించింది. పెళ్ళిలో మీరడిగితే, మీ దగ్గర చిన్నబోతానని అబద్ధం చెప్పాను. ఇవాళ కార్లో పక్కన కూచోబెట్టుకుంటే మీకు తెలిసిపోతుందని రైలెక్కించాను. కార్లో చోటు లేక కాదండి."

వెంకటరత్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో రామ! బుట్టల పక్కన జట్కా వెనకాల కూచోబెట్టానే! కాఫీ పెరట్లో ఇచ్చానే! ఏంటన్నయ్యగారూ, మీరు చేసిన పని? మేమేమన్నా ఇడ్లీలు తినని వాళ్ళమా?" ఆవిడ గబుక్కున వంగి రంగమ్మ చేతిలోంచి గరిటె లాక్కుంది. "లేవండి వదినగారూ, ముందు మీరు లేవండి!"

బసవేశ్వరరావు అక్క కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాడు. "నన్ను కొట్టక్కా" అన్నాడు.

"కొట్టే వయసు దాటిపోయావురా." ఇప్పుడు రంగమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. "వంటావిడనని చెప్పుకోవాలనుంటే నాకు ఒక్క ముక్క ముందు చెప్పకపోయావా? తెనాలిలోనే వంటావిడలా రైలెక్కేదాన్ని. నేను ఆడపడుచులా దిగానురా. వియ్యాలవారు పదిమంది నా కోసం వచ్చారనుకుని పైట సర్దుకుని మరీ దిగాను. 'బుట్టలు జాగ్రత్తగా దింపు' అన్నారు."

బసవేశ్వరరావు గుక్కపట్టి ఏడ్చాడు. గుమ్మం దగ్గర కనకదుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దేవుడి గదిలోంచి చంద్రకళ పరుగెత్తుకొచ్చి అత్తని వాటేసుకుంది. ఆవిడ చీరకున్న నూనె మరకలు కొత్త పట్టుచీరకి అంటుకున్నాయి. అయినా పిల్ల వదల్లేదు.

"చాల్లే, లే. ఆ బూరెలు మాడిపోతాయి, చూసుకోండమ్మా" అంది రంగమ్మ కళ్ళు తుడుచుకుని.

బసవేశ్వరరావు లేచి అక్క చెయ్యి పట్టుకున్నాడు. పిండి అంటిన ఆ చేతిని అలాగే పట్టుకుని, ఇందాక నవ్విన చుట్టాలందరూ కూచున్న వసారాలోకి తీసుకొచ్చాడు. దుమ్ము పంచెతో, ఏడ్చిన మొహంతో వాళ్ళ మధ్య నిలబడి, "ఈవిడ మా అక్క, రంగమ్మ" అన్నాడు. ప్రకాశరావు తన కుర్చీలోంచి లేచి, "కూచోండక్కయ్యగారూ" అన్నాడు. రంగమ్మ కూచుంది. తమ్ముడి మీద కోపం ఇంకా పోలేదు, మొహం పక్కకి తిప్పుకునే ఉంది. కానీ చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.