అగ్గిపెట్టెలో దాచిన కర్పూరం

ఇటు దగ్గరికి జరగండి పిల్లలూ, వాన చప్పుడులో నా మాట వినపడదు. గోదావరిఖనిలో ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలం అది. రాయమల్లుకు బొగ్గు బావిలో కొత్తగా కొలువు దొరికింది. మొదటి రోజు, మొదటి షిఫ్టు! బావి ముందరి మైసమ్మకు దండమైనా పెట్టకుండా పరుగు తీస్తున్నాడు.

"ఓ పిలగాడా! కర్పూరం ముట్టియ్యకుండ దిగుతవా? మైసమ్మ నీకు సుట్టమా?"

గుడి పక్కన కొబ్బరికాయల దుకాణం ఎల్లన్నది. అదిలించింది ఆయన బిడ్డ సారలమ్మ. పంతొమ్మిదేళ్లది, ఇంట్లోనే పదో తరగతికి చదువుకుంటోంది.

"సైరన్ కొట్టిండ్రు. జల్ది ఇయ్యి!"

ఆమె అతని అరచేతిలో ఒక బిళ్ల పెట్టింది. మళ్లీ సైరన్. బిళ్ల జేబులో వేసుకుని దిగిపోయాడు.

షిఫ్టు దిగి పైకొచ్చేసరికి మనిషంతా నలుపే, పళ్లు మాత్రం తెలుపు.

"ముట్టించినవా?"

"లే. దాసుకున్న."

"ఎందుకు?"

"నువ్విచ్చినవు గద!"

సారలమ్మ నవ్వును ఓణీ చాటున దాచుకుంది. "దాసు, దాసు. ఎన్నొద్దులు దాస్తవో నేను గూడ సూస్త."

బిళ్లను అగ్గిపెట్టెలో పెట్టి, బట్టల ట్రంకుపెట్టె అడుగున దాచాడు. వానలొచ్చాయి. ఇద్దరూ ఒకే చూరు కింద ఎన్నిసార్లు తడవకుండా నిలబడ్డారో, ఎన్నిసార్లు కావాలని తడిశారో మైసమ్మకే ఎరుక.

దసరా ముందర సారలమ్మకు మంచిర్యాల నుంచి సంబంధం వచ్చింది.

"రేపు పొద్దున బాపు దుకాణంల ఉంటడు. ఆ కర్పూరం తెచ్చి ఆయన ముందల్నే నన్ను అడుగు. లేకుంటే నీయన్నీ గాలి మాటలే అనుకుంట" అంది.

రాయమల్లు ఎగురుకుంటూ వెళ్లి ట్రంకుపెట్టె తెరిచాడు. అగ్గిపెట్టె తీశాడు. ఖాళీ! బట్టలన్నీ దులిపాడు. బిళ్ల లేదు.

అదే గదిలో ఉండే సదయ్య చౌరస్తాకు పోయి ఇంకో బిళ్ల తెచ్చి చేతిలో పెట్టాడు. "అన్నీ తెల్లగనే ఉంటయిరా. ఆమెకేం ఎరుక?"

రాయమల్లు గుప్పిట మూశాడు. కాసేపటికి తెరిచాడు. "వద్దన్నా. ఇది ఆమె ఇచ్చింది గాదు."

పొద్దున్నే ట్రంకుపెట్టెలోని ఉతికిన అంగీ తొడుక్కుని, జల్లులో తడుస్తూ వెళ్లాడు. ఎల్లన్న అగ్గిపెట్టె తెరిచి కళ్లెర్రజేశాడు.

"ఖాళీ పెట్టె సూపెట్టి నా బిడ్డనడుగుతున్నవా?"

"మైసమ్మ మీదొట్టు కాకా! పైలంగనే దాసిన. ఎట్ల పోయిందో తెల్వది. కొత్తది తేవచ్చు. తేబుద్ధి కాలే."

"బాపూ, అబద్ధమాడడని నే చెప్పలే!" సారలమ్మ చప్పట్లు కొట్టి గెంతింది. "నిన్నటి సంది నాకు గిదే ఫికరు! బిళ్ల తెస్తడా, ఖాళీ పెట్టె తెస్తడా అని. బిళ్ల తెస్తే అది కొన్నదే అని, మంచిర్యాల సంబంధానికే తలూపుదామనుకున్న!"

రాయమల్లు నోరు తెరిచాడు. "పోతదని నీకెట్ల ఎరుక?"

"నా పుస్తకంల ఉన్నది. కర్పూరం నీళ్లు గాకుండనే, గట్టిది సీదా గ్యాసైతది. దాన్ని ఉత్పతనం అంటరు. ‘ఉత్’ అంటే పైకి, ‘పతనం’ అంటే ఎగురుడు."

"పతనమంటే పడుడు గద?"

"నేను గూడ గట్లనే అడిగిన. సంస్కృతంల పడుడుకు, పక్షి ఎగురుడుకు ఒక్కటే మాటనట. ముందల ‘ఉత్’ చేరితే ఇగ పైకే! నాకు పాఠాలు చెప్పే అనంతరామ్ సారు చెప్పిండు."

"మరి ఎగిరి ఎటు పోయింది?"

ఎల్లన్న అతని అంగీ పట్టి దగ్గరికి గుంజి, వాసన చూసి పకపకా నవ్వాడు. "ఎటు పోతది? ఈని బట్టలల్లకే పోయింది! నా దుకాణంల డబ్బకు మూత ఉత్తగనే బిగిస్తున్ననా?"

డబ్బా తెరిచి కొత్త బిళ్ల తీశాడు. "ఇది గూడ దాస్తవా?"

"లే కాకా! ఇప్పుడే ముట్టిస్తం, ఇద్దరం."

"కాక ఏంది? మామా అను!"

జల్లు పడకుండా నాలుగు చేతులు అడ్డం పెట్టి మైసమ్మ ముందు కర్పూరం వెలిగించారు. ఎల్లన్న గొడుగు పట్టాడు.

మీరూ గుర్తు పెట్టుకోండి పిల్లలూ. కర్పూరం ఎటు పోయిందని రేపు మీ ఇంట్లో ఎవరైనా అడిగితే, ముందు ‘ఉత్పతనం’ అన్న ఆ మాట చెప్పండి, తర్వాత రాయమల్లు అంగీ సంగతి చెప్పండి.