ఎక్స్‌రే గదిలో పదహారు పలకలు

ఆ గదికి మంచి పేరు లేదు. పాత మూడంతస్తుల బిల్డింగు, దాని అడుగున నేలలోకి దిగిన గది. ఒకప్పుడు ఎవరో డాక్టరు అక్కడ ఎక్స్‌రేలు తీసేవాడట. ఆయన ఖాళీ చేశాక ఎవరూ ఆర్నెల్లకి మించి అద్దెకి నిలవలేదు. రాత్రిపూట ఆ మెట్ల దగ్గరికెళ్తే లోపల్నుంచి గొంతు వినిపిస్తుందనేవాళ్ళు— "ఊపిరి బిగబట్టండి..." అని. "వదిలెయ్యండి" అనే మాట మాత్రం ఇంతవరకూ ఎవరికీ వినపడలేదట.

అలాంటి గదిని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఏరికోరి తీసుకున్నారు. సీసం రేకులు తాపిన గోడలు, మనిషంత బరువున్న తలుపు... లోపల ఎంత చప్పుడు చేసినా బయటికి పోదు. వాళ్ళ పనికి కావలసింది అదే.

వాళ్ళు తయారుచేసే సంగీతం పెట్టెలకి ముందువైపు రేకు కోసిచ్చేది నేను. ఇప్పుడు చెప్పబోయేదంతా చెల్లెలు తన నోటితో చెప్పగా విన్నదే. నేను కలిపింది ఏమీ లేదు.

విడివిడి పెట్టెల్ని కొనుక్కుని, తీగలతో కలుపుకుని వాయించే సింథసైజర్లు ఉంటాయి. అందులో సీక్వెన్సర్ అనే పెట్టె వీళ్ళది. ముందు రేకు మీద వరసగా పదహారు రాగి పలకలు. ఒక్కో పలక పాటలో ఒక్కో అడుగు. పలక మీద వేలు ఆనిస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, ఆ అడుగులో ఒక స్వరం పడుతుంది; ఏ స్వరమో పలక పైనున్న నాబ్ తిప్పి పెట్టుకోవాలి. యంత్రం ఎడమ నుంచి కుడికి నడుస్తూ, దీపం వెలిగిన చోటల్లా మోగుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. అంతే... అలా తిరుగుతూనే ఉంటుంది.

బటన్లు వద్దు, పలకలే పెట్టాలని పట్టుబట్టింది అక్క. "బటన్ నొక్కుతాం. పలకని ముట్టుకుంటాం. రెండూ ఒకటేనా?" అనేదట.

ఆ అక్క పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేరి, నాలుగో రోజున.

చెల్లెలు ఏడవలేదు. కర్మకాండలయ్యాక వచ్చి బల్ల ముందు కూర్చుంది. కొత్త పెట్టె ఏమేం చెయ్యాలో ఆర్నెల్లలో తేల్చి, వాటిని అమ్మే కంపెనీకివ్వాలి. వెనక్కి కూడా నడవాలా, మధ్యలో అడుగు దాటేసే వీలుండాలా, ఎన్ని పాటలు దాచుకోవాలి... ఒక్కొక్కటీ రాసేది, కొట్టేసేది. అన్నం పెడితే తినేది. లేకపోతే లేదు. ఒకరోజు కాలుతున్న సోల్డరింగ్ ఇనుము వేలికి తగిలినా తెలియలేదు— వాసన వచ్చాక చూసుకుంది.

అలా అయిదు నెలలు.

అప్పుడు మొదలైంది. పెట్టె ఆగకుండా నెలరోజులు నడుస్తుందో లేదో చూడాలని, ఆన్‌లోనే ఉంచి ఇంటికెళ్ళింది. పదహారు పలకలూ ఖాళీ. పొద్దున్నే వచ్చి తాళం తీస్తే... తొమ్మిది దీపాలు వెలుగుతున్నాయి.

చెరిపేసింది.

మర్నాడు పదకొండు. వేరే చోట్ల.

చెమ్మ అనుకుని పలకలన్నీ తుడిచింది. తీగలు మార్చింది. మూడోనాడు ఏడు దీపాలు. పలకల పైనున్న స్వరం నాబ్‌లు కూడా తిరిగి ఉన్నాయి. చెమ్మకి నాబ్‌లు తిప్పే చేతులుండవు కదా!

వాళ్ళ దగ్గర తీగలకి అతుకులు వేసే టంకం బాబాయికి విషయం తెలిసి మొహం పాలిపోయింది.

"అమ్మాయ్... ఈ గది సంగతి నీకు తెలీదా? సాయంత్రం ఆరు దాటితే నేనుండను. నువ్వూ ఉండకు."

"దెయ్యమైతే బాగుణ్ణు బాబాయ్," అందట ఆవిడ, తల ఎత్తకుండా. "పలకల్లో లోపం లేనట్టే కదా."

ఆయనకి నవ్వాలో పారిపోవాలో అర్థం కాలేదు.

కానీ లోపమే అయితే, పలకలు తీసేసి మామూలు బటన్లు పెట్టాలి. అక్క మాట పోతుంది. ఆ పని కూడా అంతే నింపాదిగా చేసింది. నా షాపుకొచ్చి, బటన్లకి సరిపడా పదహారు కన్నాలతో రేకు కోయమంది. ఆ రాత్రికి మాత్రం ఆఖరిసారి చూద్దామని గదిలోనే ఉండిపోయింది.

లైటు ఆర్పేసి అరల వెనక నేల మీద కూర్చుంది. ఎదురుగా నల్లటి చీకట్లో పెట్టె పవర్ దీపం ఒక్కటే.

పన్నెండైంది. ఒంటిగంటైంది...

భయం లేదట. ఎదురుచూపూ లేదట. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చున్నానండీ అంది.

ఒంటిగంటన్నర దాటాక— మెట్ల మీద అడుగులు.

ఆగాయి.

తాళం తిరిగింది. బరువైన తలుపు కిర్రుమంటూ కొంచెం... ఇంకొంచెం తెరుచుకుంది. ఎవరో లోపలికొచ్చారు. లైటు వెయ్యలేదు. చీకట్లో బల్ల ఎక్కడుందో బాగా తెలిసినట్టు నేరుగా వెళ్ళారు.

ఒక దీపం వెలిగింది. టుంగ్...

ఇంకొకటి.

తర్వాత నోట్లోనే కూనిరాగం. సన్నగా, దారి తప్పుతూ, మళ్ళీ మొదటికొస్తూ... ఆ రాగానికి అందీ అందనట్టు పెట్టె మోగుతోంది. మరో దీపం వెలిగింది. ఆ ఎర్రటి వెలుగులో ఒక చెయ్యి కనబడింది. మణికట్టు దగ్గర బస్సు డిపో యూనిఫారం బొత్తాం.

"బావా?"

రాగం ఆగిపోయింది.

అక్క మొగుడు. డిపోలో రెండో షిఫ్టు దిగి, అక్క దగ్గరుండే తాళంచెవితో వస్తున్నాడు. దహనం నాటి నుంచీ ఈ మనిషి వాళ్ళింటి గడప తొక్కలేదు. ఫోన్ చేసినా ఎత్తలేదు.

"పాడు చేశానా..." అన్నాడు గుసగుసగా. "చెరపడం తెలీలేదు."

"ఏం చేస్తున్నావ్ బావా ఇక్కడ?"

అప్పుడు చెప్పాడు. అక్క రోజూ పని ముగించి బయల్దేరేముందు ఫోన్ చేసేదట. మాట్లాడేది కాదు. పెట్టెలో తను కట్టుకున్న ఒక చిన్న పాట వినిపించి పెట్టేసేది. వస్తున్నానని దానర్థం.

"అది ఇందులో ఉంటుందనుకున్నా. లేదు. పోనీ నేనే వెతుకుదామని... సగం దాకా వస్తుంది. తర్వాత ఎక్కడ ముట్టుకోవాలో తెలీదు."

ఆ పాట ఎందుకు లేదో ఆవిడకి తెలుసు. పెట్టె ఆర్పితే లోపలున్నవన్నీ పోతాయి. అక్క పోయాక పనిలోకొచ్చిన మొదటి రోజునే ఈ పెట్టె ప్లగ్గు పీకేసింది. లోపల ఏముందో అని ఒక్కసారైనా వినలేదు.

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి నా షాపు ముందు నిలబడి ఉంది. రేకు కోశారా అని అడిగింది. ఇంకా లేదన్నాను. వద్దంది. పలకలే ఉంటాయంది. ఎందుకని అడిగితే ఇదంతా చెప్పుకొచ్చింది. ఆఖరున ఇంకో మాట చెప్పింది.

"పగటిపూట రావచ్చుగా బావా, నేనుంటా కదా అని అడిగానండీ."

"ఏమన్నాడు?"

"నువ్వుంటావనే రాలేదు అన్నాడు... నీ గొంతు అచ్చం మీ అక్క గొంతే అన్నాడు."

మిషను ఆపేశాను.

"నేను నోరు మూసుకున్నానండీ ఇంక. చివరికి ఆయనే అన్నాడు— ఏదో ఒకటి మాట్లాడు... ఆపకు, అని."

అప్పుడు గమనించాను. తెల్లవార్లూ మాట్లాడిన మనిషిలా ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది.