శనివారానికి అమ్ముడైన శవం

క్లే టాలివర్ శవం బుధవారం సాయంత్రం 4:40కి దొరికింది.

టెనెస్సీ రాష్ట్రం, కోల్బర్న్ పట్టణం. 1974 మే 15. ఊరి చివర టాలివర్ పొలంలో గడ్డికొట్టం. కొట్టం మధ్యలో ప్రాక్టీస్ రింగ్. రింగ్ పక్కన గడ్డి మీద వెల్లకిలా క్లే. తల వెనక భాగం పగిలిపోయింది. దగ్గర్లోనే రింగ్ తాళ్లు బిగించే ఇనుప రాడ్డు. వేలిముద్రలు లేవు. ఎవరో శుభ్రంగా తుడిచారు.

ఎడమ కాలికి మోకాలిదాకా ప్లాస్టర్ కట్టు. కుడి కాలికి నల్లటి కుస్తీ బూటు, మోకాలిదాకా లేసు బిగించి ఉంది. చంకకర్రలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మొదట చూసింది భార్య మావిస్. చర్చి పని ముగించుకుని ఇంటికొచ్చింది. కేక పెట్టలేదు. ఫోన్ దగ్గరికి నడిచింది.

కేసు డిటెక్టివ్ సార్జెంట్ వెండెల్ ప్రూయిట్ చేతికొచ్చింది. వయసు యాభై రెండు. పోలీసుల్లో చేరకముందు తొమ్మిదేళ్లు పాత కార్లు అమ్మాడు. రంగు కొత్తగా మెరిసే చోటే కింద తుప్పు ఉంటుందని అతనికి ఆ వ్యాపారం నేర్పింది.

"చచ్చిపోయి ఎంతసేపయింది?" శవపరీక్ష చేసే కరోనర్ని అడిగాడు.

"రెండుకీ రెండున్నరకీ మధ్య."

ఎవరు చంపారని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. నాలుగు వారాల క్రితం టీవీ కుస్తీలో ఓటిస్ క్రెన్షా ఇనుప కుర్చీతో ఛాంపియన్ క్లే కాలు విరగ్గొట్టాడు. జనం అతన్ని పిలిచే పేరు కసాయి. కెమెరా ముందే డాక్టర్ ప్లాస్టర్ వేశాడు. శనివారం ఆ ప్లాస్టర్ని రింగులోనే పగలగొట్టుకుని, చుట్టూ ఇనుప వల బిగించిన కేజ్‌లోకి దిగుతానని క్లే శపథం చేశాడు. కిందటి వారం కసాయి మైకు లాక్కున్నాడు. "శనివారం దాకా నిన్ను బతకనిస్తే కదా," అన్నాడు.

అది పది కౌంటీలు విన్నాయి.

6:15కి క్రెన్షాని మోటెల్ గదిలో అరెస్ట్ చేశారు. స్టేషన్ బయట అప్పటికే రెండు వందల మంది ఉన్నారు.

"రెండింటికి ఎక్కడున్నావు?" అడిగాడు ప్రూయిట్.

"గదిలో పడుకున్నా."

"చూసినవాళ్లున్నారా?"

"నేను కనబడితే జనం రాళ్లేస్తారు సార్. తలుపేసుకునే పడుకుంటా."

"క్లే కాలు విరగ్గొట్టింది నువ్వేనా?"

"నేనే. టీవీలో చూళ్ళేదా?"

"చంపింది?"

"నేను కాదు."

"మొదటిది ఒప్పుకుని రెండోది కాదంటే జ్యూరీ నమ్మదు. కరెంటు కుర్చీ ఎక్కిస్తుంది."

"తెలుసు సార్."

రెండు వందల ఎనభై పౌన్ల మనిషి. కళ్ళు వాచి ఉన్నాయి. శత్రువు చస్తే ఏడ్చేవాణ్ణి ప్రూయిట్ ఇంతవరకు చూడలేదు.

గురువారం ఉదయం 7:00. స్టేషన్ ఎదురుగా కరెంటు స్తంభానికి కొత్త పోస్టర్ వేలాడుతోంది.

అన్న రక్తానికి తమ్ముడి జవాబు. లైల్ టాలివర్ వర్సెస్ కసాయి క్రెన్షా. కేజ్ మ్యాచ్. శనివారం 8:30.

లైల్ చనిపోయినవాడి తమ్ముడు. ఇరవై మూడేళ్లవాడు. టైర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వారానికోసారి చిన్న కుస్తీలు పడతాడు. ప్రూయిట్ నల్లటి అక్షరాల మీద బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు. కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు.

10:20కి కుస్తీ పోటీలు నడిపే ప్రమోటర్ హోబార్ట్ గూల్స్‌బీ ఆఫీసుకెళ్లాడు. మూడు ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. అరవై ఏళ్ల మనిషి. గులాబీరంగు టై. బల్ల మీద సగం తిన్న, మాంసం పెట్టిన బన్ను.

"ఆయన పోయి ఒక్కరోజు కాలేదు," అన్నాడు ప్రూయిట్.

"క్లే ఉంటే ఆట ఆపొద్దనేవాడు సార్జెంట్ గారూ. పాపం, దేవుడిలాంటి మనిషి." రిసీవర్ని అరచేత్తో మూశాడు గూల్స్‌బీ. "చివరి వరసా? అది కూడా అయిపోయింది తల్లీ. నిలబడతావా?"

"నిన్న రెండింటికి మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. నేనెక్కడికి పోతాను, ఈ ఫోన్లు వదిలి?"

"క్రెన్షా కోసం మీ లాయరు బెయిలు అడుగుతున్నాడట."

"తప్పా? నేరం రుజువయ్యేదాకా ఎవడూ హంతకుడు కాడు. చట్టం మీకు నేను చెప్పాలా?"

"నిజంగా వాడే చంపుంటే?"

గూల్స్‌బీ బన్ను కొరికాడు. "అప్పుడు లైల్ ఉన్నాడుగా."

శుక్రవారం ఉదయం బెయిలు వచ్చింది. క్రెన్షాని వెనక గుమ్మంలోంచి పంపారు. అయినా ఒక సీసా వచ్చి భుజానికి తగిలింది.

11:00. శవాల గది. కరోనర్ కాగితాలు సర్దుకుంటున్నాడు. శవపేటిక కోసం మనుషులు వచ్చేశారు. ప్రూయిట్ కుడి కాలి బూటు చూస్తూ నిలబడ్డాడు.

"ప్లాస్టర్ కోసి చూశారా?"

"తల పగిలినవాడి కాలు ఎందుకు కోస్తానయ్యా? కాలు విరిగిందని ఊరందరికీ తెలుసు. మా మనవలు రెండు రోజులు ముద్ద ముట్టలేదు."

"కొయ్యండి."

కొయ్యాల్సిన పని పడలేదు. పైన చుట్టిన గుడ్డ విప్పగానే ప్లాస్టర్ చిప్పలా రెండు ముక్కలై విడిపోయింది. లోపల ఎముక చెక్కుచెదరలేదు. మేజోడు మీద గడ్డిపరకలు. పిక్క మీద ఎండిన రక్తపు చుక్కలు.

కరోనర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా మనవలకి నేనేం చెప్పను?"

ప్రూయిట్ నేరుగా మావిస్ ఇంటికెళ్లాడు.

"కాలు విరగలేదని మీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు. స్నానానికి కూడా గడియ పెట్టుకునేవాడు. మా అమ్మకే తెలీదు."

"ఓటిస్‌తో పగ?"

"మా పెళ్లిలో ఆయన పక్కన నిలబడింది ఓటిసే."

"అతన్ని కరెంటు కుర్చీ ఎక్కించేవాళ్ళమమ్మా. మీరు నోరు విప్పలేదు."

"ఓటిస్ విప్పాడా? వాళ్ల వ్యాపారంలో నోరు విప్పితే అన్నీ పోయినట్టే." ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "నన్నొదిలెయ్యండి. లైల్ని చూడండి ముందు. ఓటిస్ నిజంగానే చంపాడని గూల్స్‌బీ వాడి చెవిలో వేశాడు. వాడు నిన్నటినుంచి ఐసు కొట్టే సూది నూరుతున్నాడు. అడిగితే, వదినా, నువ్వు ఇంట్లోనే ఉండు అంటాడు. కేజ్‌కి తాళం పడ్డాక ఓటిస్‌ని ఎవరు కాపాడతారు?"

ఆమె ఇంకో సంగతి కూడా చెప్పింది. ప్రూయిట్ దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

చీఫ్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఎనిమిది వేలమంది వస్తున్నారు. మ్యాచ్ ఆపితే ఊరు తగలబెడతారు. ప్లాస్టర్ ఊడింది, బాగుంది. ఎవరు చంపారో చెప్పు. అప్పుడు ఆపుతా."

సాయంత్రం 4:05కి ప్రూయిట్ మెయిన్ స్ట్రీట్‌లోని ప్రింటింగ్ ప్రెస్‌లోకి వెళ్లాడు. పదకొండు నిమిషాలు ఉన్నాడు. బయటికొచ్చేటప్పుడు జేబులో ఒక చీటీ ఉంది.

శనివారం. రాత్రి 8:05.

ఆ హాల్లో రెండు డ్రెస్సింగ్ రూములు, రెండు కొసల్లో ఉంటాయి. ఆటలో మంచివాళ్లు తూర్పు గుమ్మంలో వస్తారు. చెడ్డవాళ్లు పడమటి గుమ్మంలో. ఇద్దరూ ఎదురుపడకూడదు. ఆ రోజు ప్రూయిట్ క్రెన్షానీ లైల్నీ ఒకే గదిలోకి తెచ్చాడు. మావిస్‌నీ గూల్స్‌బీనీ పిలిచాడు. తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్ని పెట్టాడు.

గూల్స్‌బీ ముఖం పాలిపోయింది. "వీళ్లిద్దరూ ఒక గదిలో ఉన్నారని జనానికి తెలిస్తే..."

"మీ భయం అదేనని తెలిసే పిలిచాను," అన్నాడు ప్రూయిట్. "కూర్చోండి. పది నిమిషాలు చాలు."

లైల్ కూర్చోలేదు. క్రెన్షా వైపే చూస్తున్నాడు.

"ఒక శవం. ఒక కాలికి ప్లాస్టర్, ఇంకో కాలికి బూటు. ఒక్క కాలు విరిగినవాడికి ఒక్క బూటే ఉంటుంది. అందుకే రెండో బూటు ఏదని మేమెవరం అడగలేదు. కానీ అది మామూలు బూటు కాదు. కుస్తీ బూటు, మోకాలిదాకా లేసు కట్టింది. కాలు విరిగినవాడు అంత శ్రమపడి కుస్తీ బూటు ఎందుకు కట్టుకుంటాడు? ప్రాక్టీస్ చేస్తుంటే కట్టుకుంటాడు. చచ్చేటప్పుడు క్లే రెండు కాళ్ల మీద, రెండు బూట్లతో ఉన్నాడు. చంపినవాడు ఎడమ బూటు ఊడదీసి, ప్లాస్టర్ తగిలించి, ఆ బూటు పట్టుకుపోయాడు. గడ్డీ రక్తమూ ప్లాస్టర్ కిందికి వెళ్లింది అలాగే."

"అయితే ఏంటి?" అన్నాడు లైల్. "ప్లాస్టర్ ఊడుతుందని ఓటిస్‌కీ తెలుసు."

"తెలుసు. నువ్వే లెక్కెయ్యి. కాలు బాగానే ఉందని పేపర్లో ఫోటో పడితే పగంతా నాటకమని తేలిపోతుంది. ఓటిస్ మీద అనుమానమే రాదు. అతనే చంపుంటే ఆ కాలు అలాగే వదిలేసి పోవాలి. ప్లాస్టర్ తగిలిస్తే అతనికొచ్చేది కరెంటు కుర్చీ. తన మెడకి తనే ఉరి పేనుకుంటాడా?"

"నేను మాత్రం తగిలిస్తానా?" అంది మావిస్, ఎవరూ అడక్కుండానే.

"మీరు నాలుగున్నర దాకా చర్చిలో ఉన్నారు. లైల్ నాలుగింటిదాకా ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఇక ఆ కాలుని జనం చూడకూడదని మొత్తుకునేవాడు ఒక్కడే మిగిలాడు. శనివారం టికెట్లు అమ్మేవాడు."

గూల్స్‌బీ నవ్వాడు. "ఛాంపియన్ని నేను చంపుకుంటానా? పాలిచ్చే ఆవుని ఎవడైనా కోసుకుంటాడా?"

"పక్కింటికి పోయే ఆవునైతే కోస్తాడు. అట్లాంటాలో కుస్తీలు నడిపేవాళ్లు క్లేని పిలిచారు. గురువారం వెళ్లిపోతున్నానని, కేజ్ మ్యాచ్ చెయ్యనని బుధవారం మీకు చెప్తానన్నాడు. మిమ్మల్ని రెండింటికి కొట్టానికి రమ్మన్నాడు. మావిస్‌కి తెలుసు."

"ఆమె మాటకి సాక్ష్యమేదీ?"

ప్రూయిట్ చీటీ తీశాడు.

"గురువారం ఏడింటికి మీ పోస్టర్ని వేలితో రుద్దాను. సిరా అంటలేదు. అంత లావు అక్షరాలు ఆరడానికి పన్నెండు గంటలు పడుతుందన్నాడు ప్రింటర్. అచ్చు కూర్చడానికి ముందు మూడు గంటలు. అంటే ఆర్డరు బుధవారం నాలుగులోపే రావాలి. ఆయన ప్రతి ఫోనుకీ టైము రాసుకుంటాడు. మీ ఫోను 3:10కి వచ్చింది. అన్న రక్తానికి తమ్ముడి జవాబు. శవం దొరికింది 4:40కి."

బయట జనం కాళ్లతో నేల తడుతున్నారు. గోడలు అదురుతున్నాయి.

"ఆ ప్రింటర్ ముసలాడు నీకెందుకు చెప్పలేదు మరి?" అన్నాడు గూల్స్‌బీ. గొంతు మారింది.

"రక్తమంటే మీ ఆటలో కొత్త ఎత్తనుకున్నాడు. శవపేటిక వీధిలో కనబడేదాకా చావు కూడా ఎత్తేననుకున్నాడు."

గూల్స్‌బీ టై సర్దుకున్నాడు. కోపం లేదు, సిగ్గు లేదు. బేరం చెడినవాడి విసుగు ఉంది.

"ముందు మాటా మాటా పెరిగి కొట్టాను. ఆ తర్వాతే ఆలోచించాను. పారిపోయిన వీరుడికైతే డబ్బు వాపసివ్వాలి. చచ్చిన వీరుడికైతే ఇంకో వెయ్యి కుర్చీలు తెప్పించాలి. మీరూ సరుకు అమ్మినవాళ్లే సార్జెంట్. చెప్పండి, నేనేం చెయ్యాలి?"

"ఓటిస్‌ని లైల్ చేత పొడిపించాలనుకున్నారు," అన్నాడు ప్రూయిట్. "చచ్చినవాడి మీద కేసు నడవదు."

"దానికీ టికెట్ కొన్నారు జనం." గూల్స్‌బీ చేతులు ముందుకు చాచాడు. "మ్యాచ్ అయ్యాక తీసుకెళ్లండి. ఇరవై నిమిషాలు."

ప్రూయిట్ అప్పుడే బేడీలు వేశాడు. కానిస్టేబుల్ వెనక దారిన తీసుకెళ్లాడు.

లైల్ వంగి బూటులోంచి సూది తీశాడు. బల్ల మీద పెట్టాడు.

"ఓటిస్ అన్నా," అన్నాడు. "నేను..."

"తెలుసులేరా."

8:25కి ప్రూయిట్ రింగులోకెక్కి మైకు పట్టుకున్నాడు. అసలు హంతకుడు దొరికాడని, క్రెన్షాది ఏ తప్పూ లేదని, మ్యాచ్ రద్దయిందని చెప్పాడు.

ఎనిమిది వేల గొంతులు నవ్వాయి.

"గూల్స్‌బీ నీకెంతిచ్చాడురా ముసలోడా?" ముందు వరసలోంచి ఒకడు.

"పోలీసు కూడా కసాయి మనిషేనర్రోయ్," వెనక నుంచి ఇంకొకడు.

ఒక సీసా రింగు స్తంభానికి తగిలి పగిలింది. పడమటి గుమ్మం దగ్గర జనం ఆరు వరసలుగా కమ్ముకున్నారు. తూర్పు గుమ్మం దగ్గరా అంతే. ఉన్న పోలీసులు తొమ్మిది మంది. నాలుగు వారాలపాటు చెప్పిన అబద్ధాన్ని జనం కొన్నారు. నిజాన్ని ఊరికే ఇస్తున్నా పుచ్చుకోలేదు.

ప్రూయిట్ తిరిగి గదికొచ్చాడు. "బయటికి తీసుకెళ్లలేను ఓటిస్. లోపలే దాచలేను. తలుపులు విరుగుతాయి."

"నడిచొచ్చే కసాయికి వాళ్లు దారివ్వరు సార్," అన్నాడు క్రెన్షా. "మోసుకెళ్లే కసాయికి ఇస్తారు." లైల్ వైపు తిరిగాడు. "నీకు చేతనవుతుందా తమ్ముడూ?"

"ఎంత కొట్టాలి?"

"వాళ్లు చాలనేదాకా."

8:41కి కేజ్‌కి తాళం పడింది. ప్రూయిట్ ఇనుప వల బయట నిలబడ్డాడు. పది నిమిషాలకి జనం చాలనలేదు. పదిహేనుకీ అనలేదు. లైల్ ఏడుస్తూ కొడుతున్నాడు. అది అన్న కోసమని జనం ఇంకా అరిచారు. మొదట్లో దెబ్బలు నేర్పుగా పడ్డాయి. నేర్పుకి జనం తృప్తి పడలేదు. క్రెన్షా నెత్తుటి మూతితో ఏదో గొణిగాడు. లైల్ తల ఊపాడు. ఆ తర్వాత పడినవి నిజం దెబ్బలు.

9:14కి తాళం తీశారు. స్ట్రెచర్ని నలుగురు ఎత్తారు. అప్పుడు జనం రెండుగా విడిపోయారు. నెమ్మదిగా, చర్చిలో పెళ్లికూతురికి విడిపోయినట్టు. కొందరు ఉమ్మారు. ప్రూయిట్ స్ట్రెచర్ పక్కనే నడిచాడు.

గుమ్మానికి పది అడుగుల దూరంలో, చేతిసంచి పట్టుకున్న పెద్దావిడ ముందుకొచ్చింది. నోట్లోని సిగరెట్ తీసి క్రెన్షా ముంజేతి మీద ఆనించి, తీరిగ్గా నలిపింది. చర్మం కాలిన వాసన వచ్చింది. క్రెన్షా కదల్లేదు. స్పృహ తప్పినవాడు కదలకూడదు.

ప్రూయిట్ ఆమె మణికట్టు పట్టుకోబోయాడు.

"వద్దు సార్," కళ్లు తెరవకుండా అన్నాడు క్రెన్షా, పెదవుల మధ్యనుంచి. "ఆమెని కానివ్వండి."

ప్రూయిట్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె పూర్తిచేసి, పక్కకి తప్పుకుంది.